రెడ్డెమ్మ ఉంగరపు వేలు

1996లో నేను మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. అప్పట్లో మా వృత్తి పేరు చెబితే సగంమంది మాలీషు చేసే ఆమె అనుకునేవారు, మిగతా సగం కరెంటు పెట్టే ఆమె అనుకునేవారు. నిజానికి ఎముకల డాక్టరు పని ముగిసే చోట మా పని మొదలవుతుంది. ఆయన ఎముకను అతికిస్తారు. అన్నాళ్లూ కదలక బిగుసుకుపోయిన కీలును మేము మళ్లీ కదిలేలా చేస్తాం. వారానికొకసారి డాక్టరుగారితో పాటు ఆసుపత్రి జీపులో పుంగనూరు వెళ్లి, అక్కడ ఒక అద్దె గదిలో రోగులను చూసేవాళ్లం. పల్లెల నుంచి జనం ఎలాగూ వస్తారని పశువుల సంత జరిగే రోజునే అందుకు ఎంచుకున్నారు.

చేరిన మరుసటి ఏడు, వేరుశనగ విత్తే రోజుల్లో, పెద్దపంజాణి దగ్గరి పల్లె నుంచి రెడ్డెమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు. ఆవును కట్టేసేటప్పుడు అది ఒక్కసారిగా గుంజడంతో పగ్గం మెలిపడి కుడిచేతి ఉంగరపు వేలు విరిగింది. ఎముక పక్కకు జరగలేదు కాబట్టి డాక్టరుగారు ఆ వేలిని మధ్యవేలితో కలిపి టేపు వేసి, మెల్లగా కదిలిస్తూ ఉండమన్నారు. దీన్ని మేము బడ్డీ స్ట్రాపింగ్ అంటాం. మంచి వేలు విరిగిన వేలిని వెంటబెట్టుకుని వంగుతుంది. రెడ్డెమ్మ మాత్రం టేపు మీద ఒక గుడ్డ, ఆ గుడ్డ మీద ఇంకొకటి చుట్టి, వేలిని పసిబిడ్డలా దాచిపెట్టింది. కొన్ని వారాలకు ఎముక చక్కగా అతుక్కుంది. వేలు మాత్రం కొయ్యలాగా నిలబడిపోయింది. నమస్కారం పెడితే అది ఒక్కటీ వాచి, మిగతావాటికంటే పెద్దరికంగా కనిపించేది.

"వంచితే మళ్లా ఇరిగిపోతాదేమో అని బయంగా ఉండాది మేడం," అంది.

కీలు ఎంత వంగుతోందో కొలిచే సాధనం గోనియోమీటరు. దాన్ని నడిమి కణుపు మీద పెడితే ముల్లు కదిలిందో లేదో తెలియనంతగా ఉంది. కరిగించిన వెచ్చటి మైనంలో చెయ్యి ముంచి తీయించి, కణుపు కింద పట్టుకుని పై భాగం మాత్రం వంచే వ్యాయామం నేర్పి, ఇంట్లో పిసకడానికి ఒక మెత్తటి రబ్బరు బంతి ఇచ్చాను. మరుసటి వారం వేలు అలాగే ఉంది. బంతి ఏమైందని అడిగాను.

"కుక్క ఎత్తుకపోయినాది మేడం," అంది, ఏమాత్రం విచారం లేకుండా.

ఆ రోజు ఆమె భర్త మునెప్ప కూడా వచ్చాడు. అసలు కష్టం అప్పుడు బయటపడింది. వాళ్ల ఆవు గౌరి రెడ్డెమ్మను తప్ప ఇంకెవరినీ పొదుగు ముట్టనివ్వదు. తల్లి చచ్చిపోతే దాన్ని పెయ్యగా ఉన్నప్పటి నుంచి సీసాతో పాలు పట్టి పెంచింది ఆమే. పక్కింటామె రోజూ దాని కాళ్లు కట్టి ఎన్నో కొన్ని పాలు పిండుతోంది. మునెప్ప కూడా ఒక ప్రయత్నం చేశాడట.

"నా సీర కట్టుకోని, కొంగు నెత్తిన ఏసుకోని పోయినాడు మేడం," అని రెడ్డెమ్మ చెబుతుంటే మునెప్ప గోడ మీది క్యాలెండరు చూడసాగాడు. "గౌరి తిరిగి సూసింది. మీసాలు కనపడె. ఒక్క తన్ను తన్నె."

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. మునెప్ప నవ్వలేదు.

"మీరు నవ్వతాండారు గానీ మేడం, అది సరింగా సేపడం లేదు. పాలు నిలబడిపోయి పొదుగు గట్టిపడతాండాది. ఈమె చెయ్యి రాకపోతే నేను దాన్ని సంతకు తోలేస్తా," అన్నాడు. చేపడం అంటే ఆవు తనంతట తాను పాలు దిగవిడవడం. అంతదాకా గలగలా మాట్లాడిన రెడ్డెమ్మ తల దించుకుంది.

పాలు ఎలా పిండుతావో గాలిలో చూపించమన్నాను. బొటనవేలు, చూపుడువేలు పైన బిగించి, మిగతా మూడు వేళ్లు వరుసగా ముయ్యాలి. ఉంగరపు వేలు దగ్గర ఆ వరుస తెగిపోతోంది. మాకు కావలసిన వ్యాయామం సరిగ్గా అదే. చిరిగిందని పక్కన పడేసిన ఆపరేషన్ గ్లౌజు ఒకటి తెచ్చి, చిరుగు ముడివేసి, గోరువెచ్చటి నీళ్లు నింపి, వేళ్ల కొసల్లో సూదితో బెజ్జాలు పొడిచి, కిటికీ కమ్మీకి వేలాడదీశాను. రెడ్డెమ్మ దాని వంక చాలాసేపు చూసింది.

"దీనికి అయిదు సన్నులుండాయి మేడం," అంది.

ఒకటి వదిలేసి మిగతావి పిండమన్నాను. మొదట రెండు వేళ్లతో భయంగా నొక్కింది. సన్నటి ధార వచ్చింది. ఇంకాస్త బిగించింది. సరిగ్గా అప్పుడే డాక్టరుగారు ఎక్స్‌రే పట్టుకుని లోపలికి వచ్చారు. ధార తిన్నగా ఆయన టై మీద పడింది. రెడ్డెమ్మ అదిరిపడి ఎడమచేత్తో నోరు మూసుకుంది. కానీ నవ్వు ఆగక చెయ్యి మొత్తం బిగిసి, రెండో ధార ఎక్స్‌రే మీద పడింది. ఆ నవ్వులో ఉంగరపు వేలు అంతవరకూ వంగనంత వంగింది. అది ముందు చూసింది నేను. తర్వాత చూసుకుని నోరు తెరిచింది ఆమె.

"దీన్ని కేసు షీటులో ఏమని రాస్తారు?" అని డాక్టరుగారు టై పిండుకుంటూ అడిగారు. యాక్టివ్ ఎక్సర్‌సైజ్ అని రాస్తానన్నాను.

ఆ తర్వాత గ్లౌజు కుక్కపాలు కాలేదు. పొద్దునే వెచ్చటి నీళ్లలో చెయ్యి పెట్టుకుని, తర్వాత గ్లౌజు పిండేది. వాపు తగ్గడానికి పడుకునేటప్పుడు చెయ్యి దిండు మీద ఎత్తి పెట్టుకోమన్నాను. వారం వారం కొలత పెరిగింది. సంగటి ముద్ద కుడిచేత్తో తింటున్నానని ఒకసారి గొప్పగా చెప్పింది. ఆవు దగ్గరికి మాత్రం ఇంకొన్నాళ్లు ఆగమన్నాను. రబ్బరు గ్లౌజు తన్నదు, ఆవు తంతుంది.

మునెప్ప ఆగలేకపోయాడు. పొదుగు ఒక పక్క వేడెక్కడంతో, ఒక సంత రోజు గౌరిని పుంగనూరుకు తోలుకొచ్చేశాడు. రెడ్డెమ్మ మా గదిలో మైనంలో చెయ్యి పెట్టి కూర్చుని ఉండగా పరుగున వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక తూరి రావే. కుప్పం ఆయప్ప కొంటానంటాండాడు గానీ, పాలు సూడకుండా కొనడంట. దగ్గరికి పోయినోడినల్లా తన్నతాండాది."

రెడ్డెమ్మ నా వైపు తిరిగింది. "ఇప్పుడేం జేసేది మేడం? పిండితే అమ్మేస్తాడు. పిండకపోతే దాని పొదుగు పాడయిపోతాది."

ఆవు సంగతి నేను చెప్పలేనని, కాస్త నొప్పి పుట్టినా చెయ్యికి మాత్రం ఇక ప్రమాదం లేదని చెప్పాను. ఆమె వేళ్ల మీది మైనం ఒలుచుకుని లేచింది. డాక్టరుగారి అనుమతి తీసుకుని నేనూ వెంట వెళ్లాను.

సంతలో గౌరి చుట్టూ జనం దూరంగా గుండ్రంగా నిలబడి ఉన్నారు. రెడ్డెమ్మ పొదుగు కడిగి, చెంబు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. ఆవు వెనక్కి తిరిగి ఆమె తల వాసన చూసింది. మొదటి ధారలు సన్నగా, వంకరగా పడ్డాయి. నొప్పికి ఆమె పెదవి కొరుక్కోవడం కనిపించింది. కాసేపటికి ఉంగరపు వేలు, కొంచెం ఆలస్యంగానే అయినా, తన వంతుకు మూసుకోసాగింది. చెంబు మోత తగ్గి నురుగు పైకొచ్చింది. అమ్మకం చెడగొట్టాలంటే, చెయ్యి రాలేదని లేచిపోవచ్చు. లేవలేదు. గట్టిపడిన పక్కను కూడా చివరిదాకా పిండి, అప్పుడు లేచింది.

"బాగుండాదప్పా, తోలుకపోతా," అన్నాడు కుప్పం ఆయన.

మునెప్ప భార్య చెయ్యి వైపు చూస్తున్నాడు. "అమ్మేది లేదప్పా," అన్నాడు.

"ఇంతసేపూ అమ్మతా అంటివే?"

"ఈమె చెయ్యి రాదనుకోని తోలకొస్తి. వచ్చేసింది గదా."

"నీ పెండ్లాము చెయ్యి సూసేదానికా నన్ను కుప్పం నుంచి రప్పించింది?"

రెడ్డెమ్మ ఆ పాలే ఒక లోటా నిండా పోసి ఆయనకిచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, తిట్టుకుంటూనే వెళ్లిపోయాడు.

ఆ వేలు పూర్తిగా అరచేతిని తాకలేదు. కాస్త వెలితి మిగిలిపోయింది. చలికాలంలో పొద్దునపూట బిగుసుకునేది, వెచ్చటి నీళ్లతో సర్దుకునేది. నా కొలత ప్రకారం అది సగం విజయమే. రెడ్డెమ్మ మూడో నెల నుంచి రావడం మానేసింది. తీరిక లేదని కబురు పంపింది.

2000 తర్వాత కుప్పంలో కొన్నేళ్లు విద్యార్థులకు పాఠాలు చెప్పాను. విరిగిన వేలితో ఎవరు వచ్చినా, గోనియోమీటరు తీయకముందే, ఈ చెయ్యి ఆగిపోవడంతో ఇంట్లో ఏ పని ఆగిపోయిందో అడగమని వాళ్లకు చెప్పేదాన్ని. కోణం పెరగాలని వేలు వంచే రోగి నాకు ఎప్పుడూ తగల్లేదు. ఆగిన పని దొరికితే దాన్నే వ్యాయామంగా మార్చవచ్చు. దొరకకపోతే బంతి ఇవ్వాలి. బంతితో నయమైనవాళ్లూ ఉన్నారు, కాకపోతే ఆలస్యంగా.