పన్నెండు గంటల పాలు

మా పెద్దమ్మాయి మూడు నెలల వయసులోనే తన బుద్ధి బయటపెట్టుకుంది. సీసా ముట్టదు. పాలపీక పెదవికి తగిలితే చాలు, ఎవరో చేదు మందు పోసినట్టు ముఖం ముడుచుకుని అటు తిరిగిపోయేది. ఉగ్గుగిన్నెతో పోస్తే బుగ్గలో దాచుకుని, నేను గెలిచానని మురిసేదాకా ఆగి, నా చీర మీద ఊసేది. డెబ్బైల చివర, వరంగల్‌లో ఒక దవాఖానలో నర్సుగా చేస్తున్న రోజులవి. పిల్లలకు పాలు ఎలా పట్టాలో రోజూ తల్లులకు పాఠాలు చెప్పేదాన్ని. నా ఇంట్లో నా పాఠం వినేవాళ్లే లేరు.

సెలవు ఇంకా పదిహేను రోజులే ఉంది. మేట్రన్‌గారి దగ్గరికి వెళ్లి సంగతి చెప్పుకున్నాను. ఆవిడ మంచిదే కానీ గడియారానికి పుట్టిన మనిషి. "పన్నెండింటికి పిల్లను గేటు దగ్గరికి తెప్పించుకో. అరగంట ఇస్తాను. వార్డు వదిలి నువ్వు ఇంటికి పోతానంటే మాత్రం కుదరదు సిస్టర్" అన్నారు. పొద్దున పాలిచ్చి వెళితే పిల్ల పన్నెండు దాకా ఎలాగో నెట్టుకొస్తుంది. ఆ పైన ఒక్క నిమిషం ఆగదు. పన్నెండు గంటల పాలు కుదిరితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు. మా అమ్మ ఒకరి పొలాల్లో నాట్లు వేసి నన్ను చదివించింది. మా వాడలో తెల్లచీర కట్టి డ్యూటీకి వెళ్లిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ ఉద్యోగం వదులుకోవాలన్న ఆలోచన వస్తేనే నాకు అన్నం సహించేది కాదు.

మా అద్దె ఇల్లు కాశిబుగ్గలో, మగ్గాల మధ్య. అక్కడి నుంచి దవాఖానకు ముప్పావు మైలు ఉంటుంది. మా ఆయన కాజీపేటలో రైల్వే ఫిట్టరు. తెల్లారే రైలెక్కితే మళ్లీ దీపాల వేళకే రావడం. పిల్లను చూసుకోవడానికి కేసముద్రం దగ్గరి పల్లె నుంచి మా అత్తమ్మ వచ్చింది. మనిషి గట్టిదే, నోరు మెత్తనిది. కానీ ఎప్పుడో జారిపడి తుంటి విరిగితే పల్లెలో కట్టిన కట్టు వంకరగా అతుక్కుంది. ఒక పక్కకు ఒరిగి నడిచేది. కూర్చుని పిల్లను ఎంతసేపైనా ఆడించగలదు, ఎత్తుకుని మాత్రం పది అడుగులు వేయలేదు. రిక్షా ఎక్కించాలంటే కింద ఒకరు, పైన ఒకరు కావాలి. రోజూ మగ్గం వదిలి రమ్మని ఇరుగుపొరుగువాళ్లను అడగలేం.

అందుకని పిల్లకు ఒక బండి కావాల్సి వచ్చింది. తోసుకుంటూ నడిస్తే అత్తమ్మకూ ఆసరాగా ఉంటుంది.

మొదట దవాఖాన స్టోర్‌రూమ్‌లో ఉన్న బండి మీద కన్నేశాను. ఎప్పుడో అక్కడ పనిచేసిన దొరసాని డాక్టరమ్మ తన పిల్ల కోసం తెప్పించుకున్నదట. పైకప్పు చిరిగిపోయినా చక్రాలు నిక్షేపంలా ఉన్నాయి. చాకలికి వేసే దుప్పట్ల మూటలు దాంట్లో మోసేవాళ్లు. అడిగితే మేట్రన్‌గారు స్టాక్ రిజిస్టర్ తెరిచి, వేలితో ఆ వరుస చూపించి మూసేశారు. దుప్పట్లకున్న భాగ్యం నా పిల్లకు లేదన్నమాట. తర్వాత మా ఆయన ఆదివారం పూట హైదరాబాద్ వెళ్లి ఒక పెద్ద షాపులో కొత్త బండి చూసొచ్చాడు. ధర విని మంచినీళ్లు అడిగాడట. ఊరికే రాకుండా షాపువాడు అటు తిరిగినప్పుడు జానలతో దాన్ని కొలుచుకుని వచ్చాడు. సైకిలు ముందు బిగించే కేన్ కుర్చీ సంగతి ఎవరో చెప్పారు కానీ, మెడ నిలవని పిల్లను దాంట్లో కూర్చోబెట్టేదెలా? కూర్చోబెట్టినా తొక్కేదెవరు, అత్తమ్మా?

"బయట కొనుడెందుకే, నేనే జేస్త" అన్నాడు మా ఆయన. అనుకున్నదే తడవు పాత ఇనుప సామాన్ల దుకాణంలో పిల్లల సైకిలు చక్రాలు నాలుగు సంపాదించాడు. మేదరివాళ్ల దగ్గర లోతైన వెదురుబుట్ట తెచ్చి, చక్రాల మీద పలక వేసి, దాని మీద బుట్టను తీగలతో కట్టాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ నాకు అనుమానం ఎక్కువ. పిల్లను పెట్టే ముందు పరీక్ష చేయాల్సిందేనన్నాను. పిల్ల ఎంత తూగుతుందో అంత తూగే గుమ్మడికాయ కావాలని కూరగాయల అంగడిలో నాలుగైదు కాయలు తక్కెట్లో పెట్టించాను. "అక్కా, కూరకా, పెండ్లిసంబంధానికా?" అని అంగడామె విసుక్కుంది.

గుమ్మడికాయను గుడ్డలో చుట్టి బుట్టలో పడుకోబెట్టి మా గల్లీలో తోశాం. మురికినీళ్ల మోరీ మీద వేసిన బండరాయి దగ్గర చక్రం ఎగిరింది, బుట్ట వంగింది, కాయ ఎగిరి మోరీలో పడింది. మగ్గం ఆపి మరీ చూస్తున్న పక్కింటి పద్మశాలి వదిన "తానం మంచిగయింది తియ్" అని పడీపడీ నవ్వింది. అందరితో పాటు నేనూ నవ్వాను గానీ, ఆ కాయ ఉన్న చోట పిల్లను ఊహించుకుని, లోపలికి వెళ్లి పిల్లను ఒకసారి తడిమి చూసుకున్నాను. బుట్ట పనికిరాదని తేలిపోయింది.

రెండో ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఆయన చొక్కా విప్పి పనిలో దిగాడు. పాత దేవదారు చెక్కలు తెచ్చి పెట్టె చేయడం మొదలుపెట్టాడు. బోల్తా పడకుండా నాలుగు చక్రాల మధ్య అది కిందికి కూర్చునేలా బిగించాడు. గల్లీ మలుపుల్లో తిరగాలని కాళ్లవైపు సన్నం చేసి, తలవైపు వెడల్పుగా ఉంచాడు. చేతులకు అందేలా వెనక పిడి పెట్టాడు. లోపల వేయడానికి వదిన ఒక జంపఖానా ముక్క ఇచ్చింది. కడిగి తెచ్చిన గుమ్మడికాయను పెట్టి అదే బండరాయి మీదుగా మూడుసార్లు తోశాను. కాయ కదల్లేదు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, గల్లీ చివరిదాకా ఆ గుమ్మడికాయను ఊరేగించి తీసుకొచ్చాను.

అత్తమ్మ మాత్రం గడపలోంచి ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

"అవ్వా, జర తోసి సూడు. పిడి ఎత్తు సరిపోయిందా?" అని మా ఆయన పిలిచాడు. తల్లిని అతను అవ్వా అనేవాడు.

"దాంట్ల పిల్లను పెట్టద్దు" అంది ఆమె లోపలి నుంచే.

"ఎందుకే?"

"వద్దంటాన్న గద."

రంగు వేయకపోవడం వల్ల నచ్చలేదేమోనని మా ఆయన దానికి నీలం రంగు వేశాడు. పక్కన ఒక పువ్వు కూడా గీశాడు. ఫిట్టరు గీసిన పువ్వు కాబట్టి నట్టులా వచ్చింది. ఆమె దాని వైపు చూడనైనా చూడలేదు. వాకిట్లో అది ఉన్నంతసేపూ పిల్లను తీసుకుని వెనక దొడ్లోనే కూర్చునేది. అటు సెలవు కరిగిపోతోంది. నాలుగు రోజులు బతిమాలాను. ఐదో రోజు అన్నం వడ్డిస్తూ నోరు జారాను.

"నీకు మనుమరాలి మీద పాణం లేదు అత్తమ్మా. ఉంటే ఇట్ల జేస్తవా? నా నౌకరి పోతే నీకు సంబురమా?"

నాకు ముక్కు మీదే కోపం, ఇప్పటికీ అంతే. కానీ ఆ మాట అన్నందుకు పడ్డ బాధ ఇంకే మాటకూ పడలేదు. ఆమె కంచంలో చేయి కడుక్కుని లేచిపోయింది.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే పిల్లకు నీళ్లు పోయడానికి పీట మీద కూర్చుంది. వంగని కాలు ఒకవైపు పెట్టుకుని, రెండో కాలి మీద పిల్లను బోర్లా వేసుకుని వీపు రుద్దుతోంది. నేను చెంబుతో నీళ్లు అందిస్తున్నాను. ముఖం ఎత్తకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"నీ మొగని కన్న ముందుగాల నాకొకడు పుట్టిండు బిడ్డా. పదకొండో నాడు పోయిండు. జరమొచ్చిందో, ఏమొచ్చిందో ఎరుక లేదు. గప్పుడు మాకు దవాఖాన యాడిది? మీ మామ వాకిట్ల కూసోని, సామాన్లచ్చిన చెక్కపెట్టె పలగ్గొట్టి మొలలు కొట్టిండు. నేను లోపట మంచంల పండుకోని ఇన్న. మొన్న వీడు కొడ్తాంటే గదే సప్పుడు. తలకాడ ఎడల్పు, కాళ్లకాడ సన్నం. గట్లనే ఉండె."

నా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. మా క్రైస్తవుల్లో చనిపోయినవాళ్లను పెట్టెలో పెట్టే సమాధి చేస్తాం. దవాఖానలో పనిచేసేదాన్ని, చిన్న పెట్టెలు నేను చూడనివా? గుడ్డలో చుట్టిన పసివాళ్లను ఎన్నిసార్లు నా చేతులతో తండ్రులకు అందించానో. అలాంటిది వారం రోజులు ఆ పెట్టె కళ్ల ముందు ఉంటే నాకు తట్టలేదు. మా ఆయనకూ తట్టలేదు. మాకు గల్లీ మలుపు, గుమ్మడికాయ, పన్నెండు గంటలు తప్ప ఏమీ కనబడలేదు.

"నాకెందుకు చెప్పలేదు అత్తమ్మా?"

"పసిపిల్ల ఉన్న ఇంట్ల గా ముచ్చట ఎందుకని."

నేను ఆమె తడి చేయి పట్టుకుని ఏడ్చాను. తప్పయిందన్నాను. "సబ్బు కండ్లల్ల పడ్తది, నీళ్లు పొయ్యి ముందు" అని ఆమె నన్ను కసిరింది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. వాకిట్లో మెట్టు మీద కూలబడ్డాడు. "నాకొక అన్న ఉండెనా?" అని రెండుసార్లు అన్నాడు, నాతో కాదు. ఆదివారం ఆ పెట్టె విప్పేద్దాం అనుకున్నాం. కానీ ఆదివారం వానతోనే సరిపోయింది. సోమవారం నా సెలవు అయిపోయింది. రాజీనామా కాగితం రాసుకున్నాను. "నువ్వు ఫికర్ జెయ్యకు. కాయితం ఇచ్చి గంటల వస్త. నౌకరి మళ్ల సూస్కుంట" అని అత్తమ్మతో చెప్పి బయలుదేరాను. మళ్లీ దొరకదని ఇద్దరికీ తెలుసు.

నేను వెళ్లేసరికి మేట్రన్‌గారు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నారు. వార్డులో ఇద్దరు నర్సులు రాలేదు. నన్ను చూసి డాక్టరుగారికి ప్రాణం లేచొచ్చింది. "సిస్టర్, కాన్పులు మూడున్నాయి, కాస్త ఆగండి" అన్నారు. ఎలా కాదంటాను? ఒకటి అయ్యేసరికి ఇంకొకటి. తొమ్మిదయింది, పదకొండయింది. ఎవరో పుట్టి కేర్‌మంటే పాలతో నా రవికె తడిసిపోతోంది. ఇంట్లో నా పిల్ల గుక్కపట్టి ఉంటుందని తెలుసు. అత్తమ్మ ఎత్తుకుని తిప్పలేదనీ తెలుసు. పన్నెండవుతుండగా చేతులు కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా గేటు వైపు పరుగెత్తాను.

గేటు దాటబోతూ ఆగిపోయాను. ఎండలో, రోడ్డు వారగా, నీలం పెట్టె వస్తోంది. వెనక అత్తమ్మ. పిడి మీద రెండు చేతులూ ఆనించి, ఒక అడుగు, ఆగడం, ఇంకో అడుగు. ఆమె వెనకాల కండువా భుజాన వేసుకుని పక్కింటి వదిన భర్త, కాస్త దూరంగా నడుస్తున్నాడు. సాయం పట్టబోతే వద్దందట. పిల్లను పెట్టెలో పడుకోబెట్టడానికి మాత్రం వదినను పిలిచిందట. ఇంట్లో బయలుదేరి గంట దాటిందట. నేను ఎదురు పరుగెత్తి పిడి పట్టుకోబోయాను.

"వదులు. గేటు దాంక నేనే తోల్త" అంది.

గేటు దగ్గరి వాచ్‌మన్ గదిలో కూర్చుని పిల్లను ఒళ్లోకి తీసుకున్నాను. ఆకలి మీద ఉన్నదేమో, దొరకబుచ్చుకుని గటగటా తాగింది. అత్తమ్మ ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. చెంగుతో ముఖం తుడుచుకుని నీళ్లు తాగింది. ఊపిరి కుదుటపడ్డాక, ఖాళీ అయిన పెట్టెలో జంపఖానా సరిచేస్తూ చెప్పింది.

"గప్పుడు బాలింతనని నన్ను గడప దాటనియ్యలే బిడ్డా. మగోళ్లే పెట్టె ఎత్తుకపోయిన్రు. ఏ తొవ్వల పోయిన్రో, యాడ పెట్టిన్రో నేను సూడలే. ఇయ్యాల పిల్ల పాలకు ఏడుస్తాంటే, ఇంట్ల ఇంకెవలూ లేరు, నేనే తోల్కపోవాలె అనుకున్న."

"భయం కాలేదా అత్తమ్మా?" అని అడిగాను.

"ఎందుకు కాలే? అడుగడుగుకు ఆగి సూస్కుంట వచ్చిన" అంది పిల్ల పాదం నిమురుతూ. "సూసినప్పుడల్ల కండ్లు తెరుసుకోనే ఉన్నది."