తమ్ముణ్ణి ముంచిన గోలెం

“నెత్తిమీద నాలుగు చుక్కలు సల్లితే బాప్తిస్మమైతదా బావా? నిండ మునగాలె!”

“మునిగితేనే పరలోకమా? గట్లయితే మన చెరువుల కప్పలన్నీ నీకంటె ముందుగాల్నే పోతయ్ పో!”

తెలంగాణ వచ్చిన ఏడాది, నాచారంలో మా చిన్నకొడుకు పసితనంలో చల్లిన నీళ్లు చాలవని మళ్లీ మునిగి బాప్తిస్మం తీసుకున్న తెల్లబట్టలు తీగమీద నీళ్లు కారుతుంటే, ఒక్క మనిషికి రెండు బాప్తిస్మాలేంటని పెద్దోడు వాణ్ణి కొట్టబోయాడు. గడ్డాలు నెరుస్తున్నా ఇద్దరికీ బుద్ధి లేదు. ఆ బట్టలు చూస్తే, నా చిన్నప్పుడు ఉప్పల్‌లో మేనమామా నాయినా అనుకున్న ఈ మాటలే గుర్తొచ్చాయి.

తమ్ముడికి అప్పుడు ఆరు నెలలు. చర్చిలో అయ్యగారు వాడి నుదురు మాత్రమే తడిపారు. మిగతా ఒళ్లు పరలోకం పోదేమోనని నాకు భయం పట్టుకుంది. వాళ్లిద్దరూ అరుచుకుంటుండగానే వాణ్ణి ఎత్తుకెళ్లి, పెరట్లో తాగునీళ్ల గోలెంలో తలతో సహా ముంచాను. వాడి ఏడుపుకు ఇద్దరూ ఉరికొచ్చారు.

“పిల్లకు నువ్వే నేర్పినవ్!” అన్నాడు నాయిన.

“నేనా? నమ్ముడే తెల్వని పసిగుడ్డును ఎన్ని నీళ్లల్ల ముంచినా చెల్లదు బావా!”

“వాడు నమ్మేదాక దేవుడు వాణ్ణి ముట్టడా?”

వాళ్ల తగువు నీళ్ల కొలత గురించి కాదని, మనిషి నమ్మడం ముందా, దేవుడు పట్టుకోవడం ముందా అనేదేనని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. వణుకుతున్న తమ్ముణ్ణి మాత్రం ఇద్దరిలో ఒక్కరూ తుడవలేదు. అమ్మే కొంగుతో తుడిచింది.

తెల్లారి మామ చెప్పకుండా మౌలాలి వెళ్లిపోయాడు. అమ్మ గోలెం నీళ్లు పారబోయకుండా బీరపాదుకు పోసి, గోలెం మళ్లీ నింపమని ఖాళీ బిందె నా చేతికిచ్చింది.