బావ నేర్చుకున్న భాగహారం

మొన్న మోకాళ్ళ నొప్పికి నెహ్రూ నగర్‌లో స్కానింగ్ తీయించుకుంటే, ఆ బొమ్మలు రాయపూర్‌లో డాక్టరుగారికి చేరేదాకా కూర్చోమన్నారు. కౌంటరు దగ్గరి అమ్మాయి, "సోలహ్ కీ స్పీడ్ హై ఆంటీ, దో మినిట్ మే చలా జాయేగా" అంది, పదహారు స్పీడుంది, రెండు నిమిషాల్లో వెళ్ళిపోతుందని. ఆ పదహారు బిట్ల లెక్క, పంపే ఫైలేమో బైట్ల లెక్క, బైటుకి ఎనిమిది బిట్లు గనక ఎనిమిదితో భాగిస్తే వచ్చేది రెండేనని నా బుర్ర నన్నడక్కుండానే లెక్క కట్టేసింది. రెండు నిమిషాలు కాదు, పావుగంట పైమాటే. చెబుదామనుకున్నాను గానీ ఓపిక లేకపోయింది. గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంటే మా బావ గుర్తొచ్చాడు.

బావంటే మా అక్క భర్త. బొబ్బిలి దగ్గర పల్లెటూరి నుంచి పదో తరగతి చదువుతో ఈ హిందీ ఊరికి వచ్చి, ఇక్కడి ఉక్కు కర్మాగారంలో బొగ్గును కోకుగా కాల్చే బట్టీల దగ్గర చేరినవాడు. నేను డిగ్రీ అయ్యాక సెక్టర్ సిక్స్‌లో వాళ్ళ క్వార్టర్‌లోనే ఉంటూ, ఒక చిన్న కంప్యూటర్ స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా నడిచి వచ్చేవి.

నేనక్కడ చేరిన ఏడే బావకి దగ్గు పట్టుకుంది. పొగలోంచి తప్పించకపోతే ఊపిరితిత్తులు నిలవవని డాక్టరు అన్నాడు. బట్టీల పక్కనే కొత్తగా కట్టిన కంట్రోల్ రూమ్‌లో ఒక సీటుంది, కానీ దానికి పరీక్ష పాసవ్వాలి. అందులో సగం ప్రశ్నలు కంప్యూటర్ తీగల మీద సమాచారం వెళ్ళే వేగాల గురించే. తూకం యంత్రం నుంచి ఇంత వేగంతో అంకెలు పంపితే సెకనుకి ఎన్ని అక్షరాలు చేరతాయి, ఈ కొలతని ఆ కొలతలోకి ఎలా మార్చాలి, ఇలాంటివి. ఈ వయసులో నాకెందుకీ చదువని బావ తప్పించుకోబోయాడు. అక్క నా వైపు చూసింది.

అలా బావ మొదటి షిఫ్టు నుంచి వచ్చిన మధ్యాహ్నాల్లో, వరండాలో చాప మీద మా చదువు మొదలైంది. స్కూల్లో పిల్లలతో అరిచి గొంతు పోయి నేను, బట్టీల వేడికి వాడిపోయి బావ, ఇద్దరం ఆవలిస్తూనే కూర్చునేవాళ్ళం. బిట్లు, బైట్లు, కిలోలు, మెగాలు ఎలాగో దారికొచ్చాయి. ఒక్కచోట మాత్రం బండి కూరుకుపోయింది. కంప్యూటర్ లోపలి డిస్కు తీగ వేగాన్ని బైట్లలోకి మార్చాలంటే ఎనిమిదితో భాగించమంటాను. బయటి యంత్రం నుంచి వచ్చే పాతకాలపు సీరియల్ తీగకైతే పదితో భాగించమంటాను. అక్షరానికి ఎనిమిది బిట్లే అయినా, ఆ తీగ మీద ముందొక బిట్టు, వెనకొక బిట్టు అదనంగా నడుస్తాయని నేను చెప్పిందే చెప్పి, చివరికి విసుక్కున్నాను.

బావకి కోపమొచ్చింది. "ఏటే మరదలా, ఓసారి ఎనిమిదంతావు, ఓసారి పదంతావు! నాకొద్దీ సదువు, ఒగ్గీ" అని లేచిపోయాడు. ఆ వారమంతా వరండాలోకి రాలేదు. నేనూ పిలవలేదు. నిజం చెప్పాలంటే, కాస్త నడుం వాల్చడానికి దొరికిందనే అనుకున్నాను.

అన్నం వడ్డిస్తూ అక్క ఒకరోజు మెల్లిగా అంది: "మీ దగ్గు మీకినిపించదు. రేతిరంతా ఇంటన్నది నాను." బావ కంచంలో అన్నం కలుపుతూనే ఉండిపోయాడు.

మర్నాడు షిఫ్టు దిగి వచ్చి, సైకిలు గోడకి ఆనించి, కాళ్ళయినా కడుక్కోకుండా నా ఎదురుగా కూర్చున్నాడు.

"మరదలా, నా డూటీ ఎన్ని గంటలు?"

"ఎనిమిది."

"మరి మీ అక్కకి నాను ఇంటికాడ లేంది ఎన్ని గంటలు? సైకిలు తొక్కి, గేటు దాటి, బట్టలు మార్సుకునే తలికి గంట. మళ్ళీ రావడానికో గంట. మీ అక్కకి పది, కంపెనీకి ఎనిమిది. అంతే గదా నీ తీగ? లోపలున్నోడికి రాకపోకలు నేవు, ఆడికి ఎనిమిదే."

వంటింట్లోంచి అక్క నవ్వు వినబడింది. నెలల తర్వాత ఆ ఇంట్లో విన్న మొదటి నవ్వు అదే.

పరీక్షలో ఆ లెక్కే వచ్చింది. తొమ్మిది వేల ఆరువందల వేగానికి సెకనుకి ఎన్ని అక్షరాలని. తొమ్మిది వందల అరవై అని రాసి వచ్చానని బావ వీధి చివర నుంచే కేకేశాడు. సీటు వచ్చింది. ఆ ఏసీ గది చలికి మే నెల ఎండల్లో స్వెట్టర్ సంచిలో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళే మనిషిని చూసి చుట్టుపక్కల హిందీ భయ్యాలంతా నవ్వేవారు. మొదట్లో ఆ గదిలో చప్పుడే లేదని, మాట్లాడేవాడే లేడని దిగులుపడ్డాడు. దగ్గు పూర్తిగా పోలేదు గానీ, అక్క నిద్రపోవడం మొదలుపెట్టింది.

ఆ లెక్క మాత్రం ఎంతోకాలం నిలవలేదు. కొన్నేళ్ళకే కొత్త తీగలొచ్చాయి, భాగహారాలన్నీ యంత్రమే చేసుకోసాగింది. బావ రిటైరై ఈ ఊళ్ళోనే రుఆబాంధాలో చిన్న ఇల్లు కట్టుకుని, పెరట్లో బీరపాదులు పెంచుతూ చాలాకాలమే బతికి, నాలుగేళ్ళ క్రితం పోయాడు. నా స్కూలున్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

నేర్చుకున్నది పనికిరాకుండా పోయిందన్న బాధ నాకు లేదు. మన కాలపువాళ్ళం నేర్చినవి చాలా అలాగే పోయాయి. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఏం కావాలన్నా తలుపు వేసుకుని ఫోనులోనే నేర్చేసుకుంటున్నారు, మంచిదే. కానీ ఒక మనిషికి అర్థమయ్యేదాకా ఇంకో మనిషి అలసిపోయి, విసుక్కుని, అయినా చాప మీంచి లేవకుండా పక్కన కూర్చోవాల్సిన అవసరం ఇప్పుడెవరికీ లేదు. నాకిప్పుడు తీరిక బోలెడుంది. నా పక్కన చాప మీద చోటు కూడా ఉంది.