కొంగున కట్టుకొచ్చిన సత్ప్రసాదం

సోమవారం పొద్దుగాల ఆరింటికి బోధన్ నుంచి మా చెల్లె రోజి ఫోన్. "అక్కా, నిన్న గుడిల మా అత్త సత్ప్రసాదం తినలేదే! కొంగున కట్టుకొని ఇంటికి తెచ్చింది." పెదవుల దాకా వచ్చిన ఛాయ్ గ్లాసు కింద పెట్టేసిన.

ఆదివారం నిజామాబాద్‌ల మా క్యాథలిక్ గుడిల మా బిడ్డకు మొదటి సత్ప్రసాదం, పూజల ఫాదర్ ఇచ్చే పలుచటి రొట్టెబిళ్ల. రోజి అత్త సువార్తమ్మ మెథడిస్టు, వేరే చర్చోళ్లకు మా సత్ప్రసాదం ఇయ్యరు. అందరితోపాటు వరుసల నిలబడి చెయ్యి చాపింది, ఫాదర్ ఎరుక లేక ఇచ్చిండు. ఎవ్వలం చూడలే. ఫాదర్‌కు ఫోన్ చేస్తే ఆయన గూడ "యేసయ్యా!" అన్నడు. "పరగడుపునే పో. భక్తితోని నువ్వే స్వీకరించు. తునుక గూడ కింద పడొద్దు."

ఏడు ఇరవైకి బస్సెక్కి, ఆధార్ చూపించి ఆడోళ్లకిచ్చే జీరో టికెట్ తీసుకున్న. పక్కసీటామె నా మొకం చూసి, "గంత గాబరా ఏందక్కా? ఎవలన్న పోయిండ్రా?" అన్నది.

"పోలే. మా దేవుడు బోధన్‌ల ఉండిపోయిండు" అన్న.

ఆమె నన్ను ఒక తీరుగ చూసి కిటికీ దిక్కు జరిగింది. ఎడపల్లి దాటినంక అక్కడక్కడ చెరుకు తోటలు. ఎనిమిదింపావుకు దిగిన. రోజి ఇంటిదాక ఆటోకు ఇరవై.

సువార్తమ్మ ఛాయ్ తెచ్చింది. వద్దన్న. బైబిల్ తెరిచింది. పేజీల నడుమ తెల్లగ, గుండ్రంగ.

"ప్రసాదమని మీ ఫాదరే మైకుల అన్నడు గద బిడ్డా? ఒక్కదాన్నే తింటనా? మీ మామకు తెచ్చిన."

మామ అంటె సువార్తమ్మ పెనిమిటి, రెండేండ్ల కింద పక్షవాతమొచ్చింది. అప్పటి నుంచి చర్చి మొకం చూడలే.

"మీ చర్చిల రొట్టె ఇస్తరు గదా అత్తమ్మా, అదేంది?"

"యేసయ్య జ్ఞాపకం."

"మాకు జ్ఞాపకం ఒక్కటే కాదు. గుడిల పీఠం మీద రొట్టె పెట్టి ఫాదర్ ప్రార్థన చేసినంక సూపుకు రొట్టె, రుచికి రొట్టె. ఉన్నది మాత్రం యేసయ్యనే. తన శరీరమని ఆయన చెప్పిన మాటను ఉన్నదున్నట్టు నమ్ముతం."

సువార్తమ్మ నెత్తిన చేతులు పెట్టుకున్నది. "అయ్యో నా పాడుగాను! రాత్రంత గీ ఇంట్లనే ఉండెనా? పక్క తడిపిండని మీ మామను నోటికొచ్చినట్టు తిట్టిన గద!" రోజి నవ్వబోయి ఏడ్సింది.

మంచం మీద మామ అంత విన్నడు. ఆయనకు మాట సరిగ రాదు. "ఆయనే... వచ్చిండా?" అన్నడు. కండ్లు మూసుకొని నోరు తెరిచిండు.

ఆయనకిచ్చే అధికారం నాకు లేదు. మోకాళ్లూని నేనే స్వీకరించిన. తడి వేలుతోని పేజీ అద్ది, అంటిన పొడి గూడ నోట్లె పెట్టుకున్న. తలెత్తి చూస్తే మామ నోరు ఇంక తెరిచే ఉన్నది.

తొమ్మిది నలభైకి తిరుగు బస్సు. సీటు దొరికింది. మా నమ్మకం ఇంత సులువుగ ఎవ్వలకూ చెప్పలే నేను. అయినా ఏదో తప్పు చేసినట్టే ఉన్నది. ఫాదర్‌కు ఫోన్ చేసిన.

"ఆయన నోరు తెరిచిండు ఫాదర్. నేను తిన్న."

ఫాదర్ అడిగిండు.

"నమ్మే తెరిచిండా?"

"నమ్మే తెరిచిండు."

"రేపు బోధన్‌కు ఫస్టు బస్సు ఎన్నింటికమ్మా?"