సుడి విడిపోయేదాకా

మా అక్క ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఈ మాట ఆవిడ మొహం మీదే చాలాసార్లు అన్నాను. "అవును, నీ పేగులెన్నో కూడా తెలుసు, ఆ మిషను ఆపి తినడానికి రా" అనేది. నాకు ఆకాశం వైపు చూసే అలవాటు లేదు. నా చూపంతా చేతిలో ఉన్న తాళంచెవి పళ్ళ మీదే. అక్కకు మాత్రం ఏడాదిలో పది నెలలు తాళంచెవులు, చలికాలం ముందు రెండు నెలలు డేగలు. ఆ రెండు నెలలూ కొట్లో ఆవిడ ఉన్నా లేనట్టే.

మాది బజారు చివర తాళంచెవులు చేసే కొట్టు. నాన్న పెట్టాడు, అక్క నిలబెట్టింది, నేను కూర్చున్నాను. లోపల ఇద్దరుంటే మూడోవాడు బయట నిలబడాల్సిందే. గోడ నిండా కొక్కేలకు పళ్ళు కొయ్యని ఖాళీ తాళంచెవులు, తాళంచెవిని కదలకుండా పట్టుకునే, బల్లకు బిగించిన వైస్, దాని కింద ఎంత ఊడ్చినా పోని ఇత్తడి రజను. కళ్ళజోడు పెట్టుకుని పని చెయ్యవే అని నాన్న పోయేదాకా మొత్తుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి వింటుందా? తొమ్మిదేళ్ళ కిందట ఒక పెద్ద తాళంచెవిని అరగదీస్తూండగా ఇత్తడి ముక్క ఎగిరి ఆవిడ ఎడమ కంట్లో దిగింది. ఆ కన్ను పోయింది. మిగిలింది కుడికన్ను. అదీ చిన్నప్పటినుంచీ అంతంత మాత్రమే, సీసా అడుగంత మందం అద్దం లేనిదే పనికిరాదు.

అప్పుడు కంటి డాక్టరు, మాట కటువుగా ఉండే ఒక పెద్దావిడ, అక్కనీ బావనీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. "ఈ రెండో కన్ను లోపలి పొర బాగా పలచబడి ఉంది. అది ఊడిందంటే కన్ను పోయినట్టే. ఎప్పుడైనా నల్లచుక్కలు రాలుతున్నట్టు కనబడినా, పక్కనుంచి తెర దిగుతున్నట్టు అనిపించినా, చేతిలో పని అక్కడే పడేసి పరిగెత్తుకు రండి. రేపు వెళ్దాంలే అనుకున్నారో, నేను చేసేదేమీ ఉండదు." ముగ్గురం బుద్ధిగా తలలూపాం. తర్వాత చాలాకాలం అక్క కన్ను నలుపుకుంటే చాలు, బావకూ నాకూ గుండెల్లో రాయి పడేది.

ఇంకొకరైతే డేగల జోలికి మళ్ళీ పోరు. ఈవిడకు పట్టుదల ఇంకా ఎక్కువైంది. "ఉన్న ఒక్క కన్నునీ ఆకాశానికి ధారపోస్తావేమే?" అని నేను అరిస్తే, "మూసి దాచుకుంటే పిల్లలు పెడుతుందా?" అని ఆవిడ. ఆ నోటి ముందు నేను గెలిచిన రోజు లేదు.

ఊరి వెనక కొండ మీద ఒక రేడియో స్తంభం ఉంది. దాని పక్క రాతి అరుగు మీద కూర్చుని అక్కా వాళ్ళు డేగల్ని లెక్కపెట్టేవారు. చలిదేశాల్లో మంచు పడబోయే ముందు అక్కడి వేటపక్షులు, డేగలూ గద్దలూ, మా కొండ వరసల మీదుగా వెచ్చటి చోట్లకు వలసపోతాయి. ఏ ఏడు ఎన్ని పోయాయో తెలిస్తే వాటి క్షేమం తెలుస్తుందట. ఊళ్ళో ఓ నలుగురైదుగురికి ఈ పిచ్చి ఉంది గానీ, ఎక్కువ రోజులు కొండెక్కేది అక్కా బావా మాత్రమే.

ఆ లెక్కకో పద్ధతి ఉంది. ఎండ కాగాక కొండ మీంచి వేడిగాలి లేస్తుంది. పక్షులు రెక్క ఆడించకుండా ఆ గాలి మీద గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. దాన్ని సుడి అంటారు. సుడిలో ఉండగా లెక్కపెట్టకూడదు, తిరిగిందే తిరుగుతుంది, ఒకటి నాలుగవుతుంది. బాగా ఎత్తుకు చేరాక ఒక్కొక్కటే విడిపోయి వరసగా దక్షిణానికి జారతాయి. అప్పుడు లెక్క. అందుకని, సుడి కంటబడిందంటే అది విడిపోయేదాకా చూసే మనిషి చూపు తిప్పకూడదు, అరుగు దిగకూడదు. ఆవిడ అంకె చెబుతుంటే పక్క మనిషి చేతిలో ఉన్న చిన్న ఇనుప డబ్బీ మీట నొక్కుతాడు, నొక్కినప్పుడల్లా అందులో అంకె ఒకటి పెరుగుతుంది. నొక్కే మనిషి తలెత్తకూడదు, నోరెత్తకూడదు. ఇద్దరూ పైకి చూస్తే ఇద్దరికీ లెక్క తప్పుతుంది.

ఆ నొక్కే మనిషి మా బావ. బస్సు కండక్టరు. ఏడాదంతా బస్సులో తలలు లెక్కపెట్టి, మిగిల్చుకున్న సెలవులన్నీ తెచ్చి కొండ మీద పోసేవాడు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క డేగను తిన్నగా చూసి ఎరగడు. "ఎలా ఉంటాయి బావా?" అంటే, "మీ అక్క గొంతులా ఉంటాయి" అనేవాడు.

పోయినేడు ఆకాశం బోసిపోయింది. అంతకు ముందు రెండేళ్ళు పలచగా వచ్చాయి, ఈసారి అవీ లేవు. కొండ మీద ఎండ, ఎదురుగాలి, స్తంభం తీగల మోత తప్ప ఇంకేమీ లేదని బావ చెప్పేవాడు. అక్క కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చునేది. సాయంత్రం కొట్లోకి వచ్చి ఎవరో ఇచ్చిపోయిన తాళంచెవిని చేతిలో తిప్పుతూ, "అటు ఏమయ్యాయో రా. ఏదో కీడు జరిగింది" అనేది. పక్షుల కీడు మన ఇంటిదాకా ఎందుకని విసుక్కునేవాణ్ణి. ఒక గట్టి వాన పడి గాలి మళ్ళితే వస్తాయని ఆవిడ ఆశ. సగం కాలం గడిచిపోయినా వాన జాడ లేదు.

ఒక సాయంత్రం కొట్టు షట్టరు దించుతున్నాం. అక్క తల పక్కకు తిప్పి, "పడమట మెరిసింది చూశావా?" అంది. నేను చూశాను. మబ్బు తునక లేదు. ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాక మళ్ళీ అంది, "అదిగో, మెరుపు." కిటికీ ఆవిడ వెనక ఉంది, పైగా మూసి ఉంది.

"నాకు కనబడలేదే" అన్నాడు బావ.

"మీరు తలెత్తితే కదా కనబడేది" అంది అక్క. ముగ్గురం నవ్వుకున్నాం. చాలా రోజుల తర్వాత ఆవిడ మొహం విప్పారింది. మెరిసిందంటే వాన, వాన పడితే గాలి మళ్ళుతుంది, గాలి మళ్ళితే పక్షులు. వాన మాత్రం పడలేదు.

మర్నాడు కొండ మీద జరిగింది బావ చెప్పగా విన్నదే. మధ్యాహ్నం దాకా ఏమీ లేదట. ఉన్నట్టుండి అక్క ఆయన భుజం పట్టుకుని, "వచ్చాయండీ!" అందట. దూరంగా, ఆకాశం అంచున, పెద్ద సుడి. బావ అలవాటు ప్రకారం తల వంచుకుని, డబ్బీ మీద బొటనవేలు ఉంచి సిద్ధంగా కూర్చున్నాడు. గంట గడిచింది, రెండు గడిచాయి. "ఇంకా విడిపోలేదు, ఇంకా తిరుగుతూనే ఉన్నాయి" అంటూనే ఉందట. నీళ్ళు కూడా తాగలేదు. పొద్దు గూకి ఆకాశం మసకబారాక గానీ అరుగు దిగలేదు.

ఇంటికొచ్చిన మనిషిని చూస్తే పదేళ్ళు వయసు తగ్గినట్టుంది. "అంత పెద్ద సుడి నా జన్మలో చూళ్ళేదు రా. చీకటి పడింది గనక ఆ అడవిలో దిగి ఉంటాయి. పొద్దున్నే లేస్తాయి, చూడు."

"ఏం డేగలు?" అన్నాను.

"అంత దూరాన తెలుస్తుందా? చుక్కలు కనబడ్డాయి, అంతే. ఏ డేగైనా మొదట చుక్కే కదరా."

ఆ మాట బావా విన్నాడు, నేనూ విన్నాను. నోరారా నవ్వుతున్న మనిషి మాటలో ఆపదను ఎవరు వెతుకుతారు? రేపు మేం కిందికి దిగం, నువ్వే క్యారియర్ పట్టుకురా అంది. సరేనన్నాను.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చే వేళకు కొట్టు మూసి, క్యారియర్‌ను తెల్లగుడ్డలో మూట కట్టుకుని కొండెక్కాను. అరుగు ఇంకా కనబడకముందే అక్క గొంతు వినబడింది. "పది. ఇంకో పది. పది. ఆగండి... పది, పది." ఆ గొంతులో ఎంత ఆనందమో! అమ్మయ్య, వచ్చాయి అనుకున్నాను. నాలాంటి వాడికి కూడా చూడాలనిపించింది. మలుపు తిరిగి తలెత్తాను.

ఆకాశం ఖాళీగా ఉంది.

కాకి కూడా లేదు. కడిగిన పళ్ళెంలా నీలంగా ఉంది. దాని కింద అరుగు మీద అక్క నిలబడి, బైనాక్యులర్ కంటికి ఆనించుకుని పది, పది అంటోంది. కాళ్ళ దగ్గర బావ తల వంచుకుని, చెమట తుడుచుకోకుండా టకటకా నొక్కుతున్నాడు. ఆయన బొటనవేలు కమిలిపోయింది.

"అక్కా, ఎక్కడ?" అన్నాను.

బావ నేలమీంచి చూపెత్తకుండానే చెయ్యి ఊపాడు. "మాట్లాడకు రా, లెక్క పోతుంది."

"ఎక్కడేమిటి, ఆకాశం నల్లబడిపోతుంటే! నాకు ఒక్క కన్ను, నీకు రెండు" అంది అక్క. బైనాక్యులర్ దించి వేలితో చూపించింది. ఆ వేలి వెంట చూశాను. ఏమీ లేదు. అంతలో ఆవిడ మొహం స్తంభం వైపు తిప్పింది. "ఇటు మళ్ళాయి" అంది. లోయ వైపు తిప్పింది. "ఇప్పుడు కిందికి దిగుతున్నాయి." ఆవిడ ఎటు తిరిగితే పక్షులు అటు తిరుగుతున్నాయి.

నల్లచుక్కలు రాలుతున్నట్టు కనబడితే, అన్న డాక్టరు మాట చెవిలో ఎవరో అరిచినట్టయింది. క్యారియర్ మూట విప్పి, ఆ తెల్లగుడ్డను ఆవిడ మొహానికి జానెడు దూరంలో పరిచి పట్టుకున్నాను.

"అడ్డు తియ్యరా, చవటా!"

"తీస్తాను. ఇప్పుడు కనబడుతున్నాయా, చెప్పు."

"కనబడు..." అని ఆగిపోయింది. కన్ను ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది. చెయ్యి చాపి ఆ గుడ్డను తాకింది. "ఈ గుడ్డ మీద ఎగురుతున్నాయి రా" అంది, చాలా నెమ్మదిగా.

బావ వేలు అలవాటుగా ఇంకోసారి నొక్కింది. అప్పుడాయన తలెత్తి పైకి చూశాడు. ఆ మొహం నేను మర్చిపోలేను. మర్చిపోవాలని చాలా ప్రయత్నించాను.

చెరోవైపూ పట్టుకుని దింపాం. సగం దారిలో అక్క ఆగి, "కిందనుంచి ఏదో నల్లటి గట్టు లేస్తోంది, నా కాళ్ళు నాకు కనబడటం లేదు" అంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

ఆసుపత్రిలో అదే డాక్టరు. కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూసింది. "ఎప్పుడు మొదలయింది?"

"నిన్న మధ్యాహ్నం" అన్నాడు బావ.

"అప్పుడే ఎందుకు రాలేదు? ఆలస్యం చెయ్యొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానే! చుక్కలు కనబడితే రమ్మన్నానా లేదా?"

"రమ్మన్నారు" అంది అక్క. "నాకు పక్షులు కనబడ్డాయి."

డాక్టరు దీపం ఆర్పింది. అంతకుముందు మెరుపులు కనబడ్డాయా అని మాత్రం అడిగింది. అవునంటే, అవీ కంటి లోపలివేనంది. వాన కోసం కాచుకుని కూర్చున్న మా ఇంట్లో ఆ మెరుపులకు ఎంత సంబరపడ్డామో ఆవిడకు ఎలా చెప్పేది?

అక్కను ఆపరేషనుకు తీసుకెళ్ళాక వరండాలో నా కోపం ఆగలేదు. "రెండు రోజులు బావా! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తలెత్తితే మీ సొమ్మేం పోయేది?"

ఆయన తన బొటనవేలు చూసుకుంటూ కూర్చున్నాడు. "తలెత్తొద్దని మీ అక్క చెప్పింది కదరా" అన్నాడు.

కొన్నాళ్ళు పోయాక డాక్టరు మా ఇద్దర్నీ పక్కకు పిలిచింది. మొదటి రోజే వచ్చుంటే వేరే మాట అన్నట్టుగా మొదలుపెట్టి, మధ్యలో మానేసింది. వెలుగు తెలుస్తుంది, ఎదురుగా ఏదైనా కదిలితే తెలుస్తుంది, అంతకు మించి తిరిగి రాదు, మీరే మెల్లగా చెప్పుకోండి అంది. ఎలా చెప్పాలో మాకు తెలియలేదు. చెప్పలేదు.

మర్నాడు కట్టు విప్పారు. అక్క మంచం మీద నిటారుగా కూర్చుంది, కొండ మీద కూర్చున్నట్టే. డాక్టరు ఎదురుగా నిలబడి చెయ్యి ఎత్తింది.

"ఎన్ని వేళ్ళమ్మా?"

అక్క కన్ను చిట్లించింది. మెడ కొంచెం ముందుకు చాచింది. గదిలో నర్సు కూడా కదలడం మానేసింది.

"చెయ్యి ఉందని తెలుస్తోంది" అంది చివరికి.

"వేళ్ళు?"

అక్క పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలాయి. బావ ఉండబట్టలేకపోయాడు. మూలనుంచి, "మూడు" అన్నాడు.

అక్క చప్పున తల అటు తిప్పింది. "మిమ్మల్ని ఎవరడిగారు? నేను లెక్కపెడుతున్నాను కదా!" అంది. మళ్ళీ డాక్టరు వైపు తిరిగింది, కొంచెం పక్కగా, డాక్టరు లేని చోటికి. "చెయ్యి దించకండి డాక్టరుగారూ. కాస్త టైమివ్వండి, చెబుతాను."

డాక్టరు చెయ్యి అలాగే ఎత్తి పట్టుకుంది. బావ తల వంచుకున్నాడు.