అడ్డమొచ్చిన పిల్ల

మా బిడ్డ సుజాత బాన్సువాడలో సాఫ్ట్‌బాల్ ఆడేది. బ్యాటు పట్టినవాళ్ల వెనక కూర్చుని బంతి పట్టేది.

"ఎవరు అడ్డమొచ్చినా ఆగకు, ఇసిరెయ్. ఇసరకుంటే అడ్డమొచ్చినోళ్లకు అంపైర్ అవుట్ ఇయ్యడు" అని ఆట నేర్పే సార్ చెప్పాడు.

బీర్కూర్ జట్టుతో జరిగిన ఒక పోటీలో వాళ్ల పిల్ల ఒకతి రెండో బేస్‌కు పరుగెత్తింది. ఆమెను అవుట్ చెయ్యడానికి సుజాత అక్కడికి బంతి విసరబోతుంటే, బ్యాటు ఊపిన ఇంకో బీర్కూర్ పిల్ల తూలి, తను నిలబడాల్సిన గీత దాటి ఎదురొచ్చింది. ఆ పిల్ల హెల్మెట్ ఊడిపోయింది. మా బిడ్డ ఆగలేదు. బంతి చెవికి తగిలి ఆ పిల్ల కుప్పకూలింది.

అంపైర్ చెయ్యెత్తాడు. "అడ్డమొచ్చింది, అవుట్!"

మావాళ్లు చప్పట్లు కొట్టారు.

దవాఖానకు పోయాం. సుజాత ఏడుస్తుంటే ఆ పిల్లే ఓదార్చింది. "ఫికర్ చెయ్యకక్కా, తప్పు నాదేనని అంపైర్ చెప్పిండు గదా."

జవాబు వినడానికి కుడి చెవి మా వైపు తిప్పింది. ఎడమది ఇక వినబడదట. ఆ తల తిప్పడం నేను మరువలేను.