మావయ్య బండికి కొత్త లైటు

మావయ్య పోయాడన్న కబురు అత్తయ్యే చెప్పింది. నేను నౌపడలో, ఉప్పు లారీలు తూచే కాటా దగ్గర పనిలో ఉన్నాను. ఫోనెత్తగానే "మీ మావ ఎల్లిపోనాడ్రా" అంది. ఏడవలేదు. "బండి పెరట్లో ఎండకి ఉండిపోనాది. నీడకి ఎట్టాల" అంది. ఆ ఘడియలో ఆవిడకి గుర్తొచ్చింది ఆ బండే. నాకూ అంతే.

మా అమ్మకు అన్న ఆయన. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలున్న రైతు. ఆ మోటారుసైకిలు పెళ్లికి ముందే కొన్నాడు. "అది నా సవితి కాదు, నానే దాని సవితిని" అని అత్తయ్య వెక్కిరించేది. ఇంజను మోతకు వీధంతా లేచేది గాని, లైటు మాత్రం పాతకాలపు ఆరు వోల్టులది. యాక్సిలేటరు ఇస్తే వెలిగేది, తగ్గిస్తే సన్నగిల్లేది. గొయ్యి వచ్చిందని నెమ్మది చేశామా, సరిగ్గా అప్పుడే కునుకు తీసేది. అందుకని మావయ్య క్లచ్ నొక్కి, ఇంజను గట్టిగా రేజ్ చేసి, ఆ వెలుగులో గొయ్యిని బాగా చూసుకుని అప్పుడు దాటించేవాడు.

"ఎలుగు పడినంత మేరే తోలాల్రా అల్లుడూ. అవతలది మనది కాదు" అనేవాడు.

మా వైపు కిడ్నీ జబ్బును పేరు పెట్టి పిలవరు. "ఆయనకీ వచ్చింది" అంటే చాలు, ఎదుటివాడు తలూపి ఊరుకుంటాడు. మావయ్యకీ వచ్చింది. రోజు విడిచి రోజు పలాసలో డయాలసిస్. మధ్యాహ్నం వెళితే తిరిగొచ్చేసరికి చీకటి పడేది. ఆటోలో వెళ్లమంటే ఒప్పుకునేవాడు కాదు. "ఆసుపత్రి మంచమ్మీద ఎలాగూ ఆల్లు సెప్పినట్టే ఇనాల. రోడ్డు మీదైనా నా సేతిలో ఉండనీరా" అనేవాడు.

మనసాగక అత్తయ్య నన్ను తోడుండమంది. నేను నౌపడలో రైలెక్కి, పలాసలో దిగి, ఆయన వెనక కూర్చుని ఊరు వెళ్లేవాణ్ణి. ఊరి మొదట్లో మా ఇంటి దగ్గర నన్ను దింపేసి తను ముందుకు పోయేవాడు. తోడని పేరే గాని, నిజానికి ఆయన మోసుకెళ్లే సామాను నేను.

ఒకనాడు "లైటు సాల్లేదురా" అన్నాడు. ఆ లైటు ఏనాడు చాలింది గనక! కాశీబుగ్గలో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను కాయిలు మళ్లీ చుట్టించి బండిని పన్నెండు వోల్టులకు మార్చాడు. బ్యాటరీ, హారను, వైర్లు అన్నీ కొత్తవి. బండి నిలబడినా లైటు తగ్గడం లేదని నేను సంబరపడ్డాను. మావయ్య ఆ సాయంత్రం తోలి చూసి, "పర్లేదు గాని, ఇంకా మసగ్గానే ఉన్నాది" అన్నాడు.

మళ్లీ వెళ్లి ఎల్ఈడీ బల్బు పెట్టించాం. ఎదురొచ్చేవాళ్ల కళ్లకు కొట్టకుండా లైటు అద్దం నడుమ ఎప్పుడో వేసిన నల్లచుక్క ఒకటుండేది. వెలుగంతా అదే తినేస్తోందని బ్లేడుతో తనే గీకేశాడు. ఆ తర్వాత ముందు గార్డుకు ఇంకో రెండు లైట్లు బిగించాం. ఎదురొచ్చే బళ్లవాళ్లు మమ్మల్ని తిట్టుకుంటూ పోయేవారు. మావయ్య మాత్రం "ఇంకొంచెం ఉంటే బావున్ను" అనేవాడు.

ఈసారి మెకానిక్ నన్ను పక్కకు పిలిచాడు. "బావా, ఇంక దీనికి ఏటి ఎట్టమంటావు? లారీలకి కూడా ఈపాటి ఎలుగుండదు. ఓపాలి ఆయన్ని కళ్ల డాక్టరుకి సూపించండి" అన్నాడు.

ఆ మాట మావయ్యతో ఎలా అనాలా అని నేను నాన్చుతుండగానే ఒక సాయంత్రం ఆయనకే తెలిసిపోయింది. రోడ్డు పట్టపగల్లా ఉంది. గేదె ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. నేను దూరం నుంచే చూశాను, ఆయనా చూశాడనుకున్నాను. బండి మాత్రం తగ్గలేదు. "మావా, గేదె!" అని అరిచాను. దాని ఊపిరి మాకు తగిలేంత దగ్గర ఆగాం. ఆయన దిగి, హేండిల్ మీద చెయ్యి కాసేపు అలాగే ఉంచాడు.

"నువ్వు తోలు" అన్నాడు.

టెక్కలిలో కళ్ల డాక్టరు, కిడ్నీ జబ్బుతో పెరిగిన బీపీ వల్ల కంటి లోపలి పొర దెబ్బతిన్నదనీ, పోయిన చూపు రాదనీ, ఉన్నది కాపాడుకోవాలనీ చెప్పాడు. కిడ్నీల గురించి పలాసలో విన్న మాటే అది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆయనకు చెయ్యాలనుకున్నదంతా మేము బండికి చేశాం. చేయగలిగింది దానికే మరి.

అప్పట్నుంచి పోనూ రానూ నేనే తోలితే, మావయ్య వెనక కూర్చుని దారి చెప్పేవాడు. "ఇప్పుడు కల్వర్టు. ఎడం పక్క గొయ్యుంటాది, కుడికి తియ్యి." గొయ్యి సరిగ్గా అక్కడే ఉండేది. ఒకసారి "పూడ్సీసినారు మావా" అంటే, "నాతో ఒక్కడూ సెప్పనేదే" అని ఇంటిదాకా నిష్ఠూరమాడాడు. మధ్య మధ్య అడిగేవాడు.

"లైటేసినావా?"

"ఏసినాను మావా."

"ఆఁ" అని నా భుజం గట్టిగా పట్టుకునేవాడు.

పెద్దకర్మ అయిన సాయంత్రం బండిని పాకలోకి పెట్టడానికి వెళ్లాను. తాళం తిప్పి లైటు వేస్తే పెరడంతా వెలిగింది. కొబ్బరిమట్టల మీద ప్రతి ఈనె కనబడింది. అలికిడికి అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. మొహం మీద వెలుగు పడి కళ్లు చికిలించింది.

"పలాసకి ఆయన తోలినన్నాళ్లూ ఇక్కడే నిలబడేదాన్నిరా. ఇలాగే ఎలుగు మొగమ్మీద పడీది. బండాపి, నన్నే సూస్తూ 'ఎవులది?' అనేవోడు" అంది.

"మాకెవరికీ సెప్పనేదేం అత్తా?" అన్నాను.

"సెప్తే బండి లాగీసుకుందురు. 'నానే' అనేదాన్ని. అప్పుడు దిగీవోడు."

లైటు ఆపబోయాను. "ఉండనీరా" అంది. ఆవిడ కళ్లు చికిలిస్తూనే, ఆ వెలుగుకు ఎదురుగా అలాగే నిలబడింది.